కంటివాపు, నీటికాసులు: ఒక చికిత్స చరిత్ర

కంటినీరన్నంతనే మనకు చెక్కిళ్లపై జారు కన్నీరు స్ఫురించును. కాని కంటి లోపల ఎన్నడును బయటికి కానరాని వేరొక నీరు కలదు. అది రంగుపొర వెనుక ఊరి, కనుపాపగుండ ముందునకు వచ్చి, అంచుననున్న జల్లెడవంటి మార్గమున రక్తనాళములలోనికి దిగిపోవును. ఊరుటయు పోవుటయు సరిగా నున్నంతకాలము కంటిలోని పీడనము సాధారణముగా 10 మొదలు 21 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానముగా నుండును. పోవుదారి మూసికొన్నచో పీడనము హెచ్చి చూపునరమును నలిపివేయును. దీనినే నీటికాసులనియు గ్లాకోమా యనియు నందురు.

ఇందు పలు తెరగులున్నవి. వానిలో మిక్కిలి చిక్కైనది కంటిలోపలి వాపువలన కలుగునది. వాపుతో చేరిన కణములు జల్లెడను పూడ్చివేయును. లేదా రంగుపొర వెనుకనున్న కటకమునకు అంటుకొని నీటిదారినే కట్టివేయును. కీళ్లవాతము, క్షయ, సవాయి మున్నగు రోగములతో ఈ వాపు రావచ్చును. పెక్కుమారులు కారణమే తెలియదు.

1857లో బెర్లినునందు ఆల్‌బ్రెఖ్ట్ ఫాన్ గ్రేఫె, రంగుపొరలో నొక తునకను కోసివేసి నీటికాసులను అణచవచ్చునని ప్రకటించెను. అప్పటి కాతనికి ముప్పదియేండ్లు నిండలేదు. విశేషమేమనగా, ఆ కోతను ఆతడు అంతకుముందు వాడినది మాటిమాటికి తిరుగబెట్టు రంగుపొరవాపునకే! కోత పిమ్మట కన్ను మెత్తబడుట గమనించి నీటికాసులకును దానిని ప్రయోగించెను. నమ్మదగిన కొలమానము లేని కాలమది. రెప్పపై వ్రేలు మోపి గట్టిదనమును తెలిసికొనెడివారు. ష్యోట్జ్ పరికరము 1905 నాటిది.

మందుల కథ ఇంకను చిత్రమైనది. పశ్చిమాఫ్రికాలోని కాలబారు ప్రాంతమున నేరము మోపబడినవారికి ఒక విషపుగింజను తినిపించి సత్యపరీక్ష చేసెడివారు. ఆ గింజనుండి తీసిన ఫైసోస్టిగ్మీనును 1876లో లుడ్విగ్ లాక్వర్ నీటికాసులకు వాడెను. ఆ వైద్యుడును ఆ వ్యాధి పీడితుడే. కనుపాపను కుదించి నీటిదారిని తెరపించు ఆ మందు పెక్కురోగులకు వరమైనది. వాపుకంటికి మాత్రము శాపమే. కుదిసిన కనుపాప కటకమునకు మరింత గట్టిగా అతుకుకొనును. వాపుకంటికి వలసినది కనుపాపను విప్పియుంచు అట్రోపీను. మన గట్లపై పెరుగు ఉమ్మెత్తలోను ఈ జాతి పదార్థము కలదు. నీటిదారి ఇరుకుగానున్న వేరొక రకపు రోగికి అదే అట్రోపీను వేసినచో పీడనము ఒక్కుమ్మడిగా పెరుగును. ఎఱ్ఱబడి నొచ్చు కన్ను చూపులకు రెంటను ఇంచుమించు ఒక్కతీరే.

శస్త్రచికిత్సలోను ఇట్టి చిక్కే. మద్రాసు నేత్రవైద్యశాల అధ్యక్షుడు ఆర్. హెచ్. ఎలియట్ 1909లో కంటి అంచున చిన్నరంధ్రము తొలిచి నీటికి క్రొత్తదారి కల్పించెను. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. అయితే వాపుకంటిలో ఇట్టి రంధ్రములు మచ్చకట్టి పూడిపోవు స్వభావము గలవి. అందుచేతనే మోల్టెనో 1969లో సన్నని గొట్టము నమర్చు పద్ధతిని తెచ్చెను. అట్టి సాధనమును మదురైలోని ఆరోలాబ్ 2013 నుండి చౌకగా అందించుచున్నది.

అసలు మలుపు కార్టిసోనుతో వచ్చినది. 1948లో మేయో వైద్యశాలయందు ఫిలిప్ హెంచ్ దానిని కీళ్లవాతమునకు వాడెను. 1950లో నోబెల్ బహుమానము లభించినది. నేత్రవైద్యులు దానిని ఆబగా నందుకొనిరి. 1954లో బెల్జియము దేశీయుడు జూల్ ఫ్రాన్సువా, ఆ మందే నీటికాసులు తెచ్చునని హెచ్చరించెను. వారముల తరబడి చుక్కలు వేసికొన్నచో సుమారు మూడింట ఒకవంతు మందికి పీడనము కొంత పెరుగును. నూటికి నలుగురైదుగురికి మిక్కిలి పెరుగును. వాపుకంటిలో పీడనము హెచ్చినప్పుడు దోషము రోగముదా, మందుదా? రోగముదైన మందు పెంచవలెను, మందుదైన తగ్గింపవలెను. మరియొక మెలిక కలదు. వాచినంతకాలము నీరు ఊరు భాగము నీరసించి తక్కువ నీరిచ్చును. వాపు తగ్గగానే ఊట మరల సాగును. జల్లెడ మాత్రము పూడియే యుండును. మందు మేలు చేసినందుననే పీడనము పెరిగినదన్నమాట! ఆ 1954లోనే ఊటను తగ్గించు అసిటజోలమైడును బెర్నార్డ్ బెకర్ నీటికాసులకు వాడుట ఎంతయో ఊరట. అంగడిలో తమంతట కొని నెలలతరబడి స్టీరాయిడు చుక్కలు వేసికొనువారి కన్ను తెల్లగా, నొప్పిలేక యుండగనే చూపునరము చెడును.

స్టీరాయిడును తగ్గించి వాపు నణచు మందులలో నొకటి మనవాని కృషిఫలము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడపిన పరిశోధనలనుండి మెతోట్రెక్సేటు వెలువడెను. అది కాన్సరునకై పుట్టినది. 1960ల నడుమ దానిని కంటిలోపలి వాపుపై వాడిచూచిరి. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు దీనిని చూడలేదు. నేడు వైద్యులు ఆ మాత్రను వారమున కొక్కమారే వ్రాయుదురు, నడుమ నడుమ రక్తపరీక్ష చేయింతురు. పొరపాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము.