బరోడా బొమ్మల సంత

బీఎఫ్ఏ ఆఖరి ఏడాది పిల్లలున్న ఇళ్లలో వేసవి వచ్చేసరికి ఒకటే చర్చ. తరవాత ఏం చదవాలి? పెయింటింగా, శిల్పమా, ప్రింట్‌మేకింగా, అప్లైడ్ ఆర్టా, కళాచరిత్రా? దరఖాస్తు గడువు దగ్గరపడేకొద్దీ ఆ చర్చ ఆందోళనగా మారుతుంది. అయితే మన దేశంలో విద్యార్థులకు ఇలా ఎంచుకునే వీలు దక్కి 75 ఏళ్లే దాటింది. 1950లో బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం లలితకళల ఫ్యాకల్టీని తెరిచింది. చిత్రకళకు, శిల్పానికి డిప్లొమాతో సరిపెట్టకుండా యూనివర్సిటీ డిగ్రీ, ఆపైన పీజీ పట్టా ఇవ్వడం స్వతంత్ర భారతంలో అక్కడే మొదలైంది.

అంతకుముందు శతాబ్దాల పాటు మన దగ్గర కళ ఇంటి విద్య. చేర్యాల నకాషీలైనా, శ్రీకాళహస్తి కలంకారీ పనివారైనా, గుడి కట్టిన స్థపతులైనా తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నవారే. వారి పేర్లు మనకు చాలావరకు దక్కలేదు. ఇంగ్లీషువారి హయాంలో మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో ఆర్ట్ స్కూళ్లు వచ్చాయి. రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూలుకు వెళ్లి చదువుకుని వచ్చి, నిండా ముప్పై ఏళ్లు లేకుండానే 1925లో కన్నుమూశాడు. 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్ మొదలైంది.

బరోడాకు అప్పటికే కళల ఊరన్న పేరుంది. గైక్వాడ్ మహారాజు రాజా రవివర్మ చేత లక్ష్మీవిలాస్ ప్యాలెస్‌కు బొమ్మలు వేయించాడు. ఆయన 1890లో పెట్టిన కళాభవన్ అనే సాంకేతిక విద్యాలయంలోనే భారతీయ సినిమా పితామహుడు ఫాల్కే చదువుకున్నాడు. యూనివర్సిటీ తొలి వైస్‌చాన్సలర్ హంసా మెహతా. రాజ్యాంగ సభలో కూర్చున్న ఆ మహాతల్లి హయాంలోనే కళకు మిగతా శాస్త్రాలతో సమానంగా పీట పడింది. పెయింటింగ్‌కు బెంద్రే, శిల్పానికి శంఖో చౌధురి వచ్చారు. 1951లో కె.జి. సుబ్రమణ్యన్ చేరాడు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం సుబ్రమణ్యన్‌తో ముడిపడినదే. కేరళలో పుట్టి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎకనామిక్స్ చదువుతూ క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లినవాడు. ప్రభుత్వ కాలేజీల తలుపులు మూసుకుపోవడంతో శాంతినికేతన్ చేరి నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర నేర్చుకున్నాడు. బరోడాలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాక 1959లో చేనేత బోర్డులో డిజైన్ పనికి వెళ్లాడు. మగ్గాల మధ్య, పనివాళ్ల మధ్య గడిపి 1961లో తిరిగి వచ్చాడు. బరోడాలో ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ మొదలైంది ఆ ఏడాదే.

అది అచ్చంగా మన సంతే. సంత దగ్గరపడితే ఎవరు ఏ డిపార్ట్‌మెంటన్న తేడా ఉండేది కాదు. ప్రొఫెసర్లు, విద్యార్థులు ఒకేచోట కూర్చుని కొయ్యతో, పూసలతో, తోలుతో, గుడ్డపీలికలతో బొమ్మలు చేసేవారు. నగలు, అచ్చుగుడ్డలు, మట్టిపాత్రలు తయారయ్యేవి. తోలుబొమ్మలాటలు, నాటకాలు ఉండేవి. గ్యాలరీ గడప తొక్కని ఊరి జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి బేరాలాడి కొనుక్కెళ్లేవారు. వచ్చిన డబ్బు విద్యార్థుల అవసరాలకు పోయేది. ఆ సంతల కోసం సుబ్రమణ్యన్ చేసిన చెక్కబొమ్మలను ఇప్పుడు కళాచరిత్రకారులు ఆయన పెయింటింగులతో సమానంగా చూస్తున్నారు. చిత్రకారుడికీ చేతిపనివాడికీ మధ్య గోడ ఉండకూడదని పుస్తకాల్లో రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. యూనివర్సిటీ ఆవరణలో సంత పెట్టి ఆ గోడను పడగొట్టింది మాత్రం బరోడావాళ్లే.

ఆ రోజుల్లోనే, 1963లో, మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి ఒక యువకుడు అక్కడికి వెళ్లాడు. హైదరాబాద్ ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో డిప్లొమా పూర్తిచేసి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కుడ్యచిత్రం, ప్రింట్‌మేకింగ్ నేర్చుకోవడానికి వెళ్లిన కె. లక్ష్మాగౌడ్. అక్కడ ఆయనకు ఎచింగ్ చిక్కింది. జింకు పలక మీద మైనం పూత పూసి సూదితో గీస్తారు. ఆమ్లంలో ముంచితే గీసినచోట మాత్రమే లోహం కరిగి గాటు పడుతుంది. గాట్లలో ఇంకు దట్టించి, పైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సు కింద నడిపిస్తే బొమ్మ కుడిఎడమలు తారుమారై అచ్చవుతుంది. ఆ సన్నని నల్లగీతలోకి ఆయన మేకలను, చెట్లను, తెలంగాణ పల్లె ఆడామగలను, వారి కోరికలను దాపరికం లేకుండా తెచ్చాడు. అంత బరువైన ప్రెస్సు ఏ పల్లెటూరి కుర్రాడూ సొంతంగా కొనుక్కోలేడు. ఆ రెండేళ్ల చదువు విలువ అక్కడుంది.

బొంబాయి చార్టర్డ్ అకౌంటెంట్ భూపేన్ ఖక్కర్ కూడా చిత్రకారుడు గులాం మహమ్మద్ షేక్ పిలిస్తే 1962లో బరోడా వచ్చాడు. చేరింది ఆర్ట్ క్రిటిసిజం కోర్సులో. పేరు తెచ్చుకున్నది చిత్రకారుడిగా.

తరవాతి కథను ఇంత వరుసగా చెప్పడం కష్టం. 2007లో ఎంవీఏ (మాస్టర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్) పరీక్ష కోసం విద్యార్థులు పెట్టిన ప్రదర్శనలోకి, బొమ్మలపై అభ్యంతరం చెబుతూ బయటివారు చొరబడ్డారు. తెలుగునేల నుంచి వెళ్లిన విద్యార్థి అరెస్టయ్యాడు. అతనికి అండగా నిలిచిన ఇన్‌చార్జి డీన్ సస్పెండయ్యారు. పరీక్ష బొమ్మను గురువులు కాక గుంపు దిద్దిన ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మరోపక్క యానిమేషన్, డిజైన్ కోర్సులు పిల్లలను లాక్కుపోతున్నాయి. లెక్చరర్ ఉద్యోగానికి పీజీ, ఆపైన నెట్ లాంటి అర్హత అడుగుతుండటంతో ఆ పట్టా కోసమే చేరేవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టలేం.

బరోడాదాకా వెళ్లలేనివారికి దగ్గరలోనే దారులున్నాయి. లక్ష్మాగౌడ్ డిప్లొమా చదివిన కాలేజీ ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగం. ఆయనే పాఠాలు చెప్పిన సరోజినీ నాయుడు స్కూల్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉంది. దరఖాస్తు నింపేముందు ఒక్కసారి వెళ్లి అక్కడి వర్క్‌షాపు చూసి రండి. ప్రెస్సు నడుస్తోందా, మట్టిబొమ్మలు కాల్చే బట్టీ వెలిగిస్తున్నారా, సాయంత్రం ఎంతసేపు తెరిచి ఉంచుతారు, పెయింటింగ్ విద్యార్థి శిల్పం షెడ్డులోకి వెళ్లి మట్టి ముట్టుకుంటే ఎవరైనా అడ్డుపడతారా? ఇవి ప్రాస్పెక్టస్‌లో ఉండవు, సీనియర్లనే అడగాలి.