చప్పట్ల తర్వాత

మా ఆఫీసులో నెలకి రెండుసార్లు, మధ్యాహ్నం భోజనాల వేళ, ఉపన్యాసాలు సాధన చేసే ఓ చిన్న గుంపు కలుస్తుంది. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు విని తప్పొప్పులు చెప్పాలి. మాట్లాడటమంటే భయం పోగొట్టుకుందామని చేరాను. అసలు కష్టం వినడంలో ఉందని తర్వాత తెలిసింది. గొంతు బాగుంది, తడబడకుండా చెప్పారు అనడం తేలికే. ఏమడిగాడు? ఎందుకు ఒప్పుకోవాలన్నాడు? ఏది చెప్పకుండా దాటేశాడు? ఈ మూడూ పట్టుకోవడమే కష్టం.

ఈ మూడు ప్రశ్నలతోనే, వందేళ్ల క్రితం ఇదే దేశంలో ఊరూరా మాట్లాడిన ఒక మద్రాసు మాస్టారి సంగతి చూద్దాం. ఆయన వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి. 1869లో కుంభకోణం దగ్గర వలంగైమాన్‌లో పుట్టారు. మన తెలుగువాళ్లకి కూడా మద్రాసే రాజధానిగా ఉన్న రోజుల్లో, అక్కడి ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో హెడ్మాస్టరుగా పనిచేశారు. తర్వాత గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో చేరి, గోఖలే పోయాక దానికి అధ్యక్షుడయ్యారు. ఇంగ్లీషు మాట్లాడటంలో ఇంగ్లీషువాళ్లే మెచ్చుకున్న మనిషి.

ఇక అప్పటి ఆస్ట్రేలియా. 1901లో వలసల చట్టం తెచ్చారు. వద్దనుకున్నవాణ్ణి రేవులోనే ఆపి, ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటలు చదివి రాయమనేవారు. ఏ భాషో అధికారి ఇష్టం. తప్పించడానికి పెట్టిన పరీక్ష కదా, తప్పక ఏం చేస్తారు! 1902లో ఓటు చట్టం వచ్చింది. తెల్ల ఆడవాళ్లకి ఓటిచ్చి ప్రపంచంలో పేరు తెచ్చుకున్న చట్టమే అది. అదే చట్టం ఈ నేల ఆదివాసులకీ, ఆసియా, ఆఫ్రికా వాళ్లకీ ఓటు లేదంది. అప్పటికే ఇక్కడ మనవాళ్లు కొంతమంది స్థిరపడి ఉన్నారు. ఎక్కువమంది పంజాబు వైపు నుంచి వచ్చి, ఊళ్లు తిరిగి సరుకులమ్ముకునేవాళ్లు, పొలాల్లో పనిచేసేవాళ్లు.

1921లో లండన్‌లో జరిగిన సామ్రాజ్య సమావేశంలో, సామ్రాజ్యంలో చట్టబద్ధంగా స్థిరపడ్డ భారతీయులకి పౌరహక్కులు ఇవ్వడం మంచిదని తీర్మానం చేయించారు శాస్త్రి. దక్షిణాఫ్రికా ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియా ప్రధాని హ్యూస్ మాత్రం, మా దేశానికొచ్చి మా జనానికే చెప్పండి అని పిలిచాడు. అలా 1922లో పెర్త్, అడిలైడ్, మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్ తిరిగి మాట్లాడారాయన.

మొదటి ప్రశ్న: ఏమడిగాడు? చాలా కొంచెం. కొత్తవాళ్లని రానివ్వమని అడగలేదు. మీ దేశంలోకి ఎవరు రావాలో మీ ఇష్టం, ఇప్పటికే ఉన్న గుప్పెడు మందికి ఓటివ్వండి, అంతే.

రెండోది: ఎందుకు ఒప్పుకోవాలి? మనమంతా ఒకే రాజు ప్రజలమని మీరే అంటున్నారు, ఆ మాట నిలబెట్టుకోండి అన్నారు. ఎదుటివాడు నమ్మిన దాంట్లోంచే ఎదుటివాడికి సమాధానం చెప్పడం. వాళ్ల భయం ఓటు గురించి కాదు, వలస గురించి అని ముందే గ్రహించి ఆ భయం జోలికి పోలేదు. మాట్లాడేముందు విన్నవాడి వాదన అది. సభల్లో మర్యాదకీ చప్పట్లకీ కొదవ లేకపోయింది.

చట్టం మాత్రం వెంటనే మారలేదు. 1923 మొదట్లో హ్యూస్ పదవి పోయింది. ఆ తర్వాత కథ కదిలించినవాడు ఉపన్యాసకుడు కాడు, మిట్టా బుల్లోష్ అనే విక్టోరియా నివాసి. రాష్ట్ర ఎన్నికల్లో ఓటున్న నాకు దేశపు ఎన్నికల్లో ఎందుకు లేదని 1924లో మెల్‌బోర్న్ కోర్టుకెక్కాడు. రాజ్యాంగంలోని 41వ సెక్షను చూపించి గెలిచాడు. ప్రభుత్వం హైకోర్టుకి వెళ్లబోయి వెనక్కి తగ్గింది. 1925లో చట్టం సవరించి బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్లకి ఓటిచ్చింది. శాస్త్రి మాటలు నేల దున్ని ఉంచాయి, విత్తనం వేసింది బుల్లోష్ అని నాకనిపిస్తుంది. ఒక్కటే ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

మూడో ప్రశ్న దగ్గరే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ వాదన నెగ్గడానికి తలుపు మూసుకునే హక్కు మీకుందని ఒప్పుకోవాల్సొచ్చింది. గాంధీ జైల్లో ఉన్న రోజులవి. సర్కారు తరఫున తిరిగి ఇదా తెచ్చేది అని ఇండియాలో మనవాళ్లే తిట్టిపోశారు. ఆ తిట్లలో నిజం లేకపోలేదు. నాలాంటివాడు వీసా మీద దిగడానికి, దశాబ్దాల తర్వాత ఆ తలుపు వేరేవాళ్లు తెరవాల్సి వచ్చింది.

ఇంకొకటుంది. రాజు ప్రజలందరూ సమానమే అయితే, ఆదివాసులూ ఆ రాజు ప్రజలే కదా? ఆ తర్కం ముందు వాళ్లకే వర్తించాలి. 1925 సవరణ వాళ్లని తాకనేలేదు. దేశపు ఎన్నికల్లో వాళ్లందరికీ ఓటు హక్కు వచ్చింది 1962లో. మన ఓటుకీ వాళ్ల ఓటుకీ మధ్య 37 ఏళ్లు.

శాస్త్రిగారికి మార్కులు తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఒంటరిగా పరాయి గడ్డ మీద నిలబడి, అవమానించిన చట్టం గురించి కోపం చూపకుండా మాట్లాడటం నావల్ల కాదు. కానీ పోయిన ఎన్నికలప్పుడు, మా పక్కవీధి బళ్లో సాసేజీల పొగ మధ్య వరసలో నిలబడి, పెన్సిలు పట్టుకుని అంకెలు వేస్తున్నప్పుడు ఆ 37 ఏళ్లే గుర్తొచ్చాయి. ఇప్పుడు ఎవరైనా అద్భుతంగా మాట్లాడితే నేనూ చప్పట్లు కొడతాను. కొట్టాక, ఈ వాదన వర్తించాల్సి ఉండీ ఇందులో పేరు లేనివాళ్లెవరని ఒకసారి చూసుకుంటాను.