వెళ్లిన చప్పుడు వెనక్కొస్తుంది

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున్న తొమ్మిదింటికే ఎవరి రొద వాళ్లు మొదలెట్టేస్తారు. ఒక షెడ్డులో లారీ ఛాసిస్ మీద సమ్మెట దెబ్బలు, పక్క షెడ్డులో గ్రైండర్, ఎదురుగా కమాన్ కట్టలు ఊడదీస్తున్న కుర్రాళ్ల కేకలు. ఇంత గోలలోనూ మేస్త్రి తల ఎత్తకుండానే అంటాడు: "ఆర్ఎక్స్ వస్తోంది. బాఫిల్ మూసుకుపోయింది దానికి." బండి ఇంకా సందు మలుపు తిరగనేలేదు.

తిరిగింది. నల్ల ట్యాంకు, వెనకాల నీలం పొగ, మీద ఇరవై దాటిన కుర్రాడు. వెనక సీటుకు తాడుతో కట్టిన పొడవాటి అట్టపెట్టె. బండి వాళ్ల మేనమామది, పెట్టె మాత్రం తన సొంత డబ్బుతో కొన్నది. మీరు ఆ పాత టైరు మీద సర్దుకుని కూర్చోండి, ఇక్కడ కుర్చీలుండవు.

"బాబాయ్, చాంబర్ తెచ్చా. మధ్యాహ్నానికల్లా బిగించేయాలి."

"బిగించడం గంట పనిరా. బిగించాక ఉంటది అసలు పని."

యమహా ఆర్ఎక్స్ 100 మన రోడ్ల మీదికి 1985లో వచ్చింది. ఎస్కార్ట్స్ వాళ్లు తయారుచేసేవాళ్లు. 1996లో ఆగిపోయింది. 98 సీసీ ఇంజను, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్, రమారమి వంద కిలోల బరువు. కాగితం మీద ఇంతే. ఆగిపోయిన పాతికేళ్ల తర్వాత కూడా కుర్రాళ్లు దీన్ని వెతుక్కుని కొంటున్నారంటే సగం కారణం ఆ లేచే తీరు, సగం కారణం ఆ మోత. నన్నడిగితే రెండూ ఒకటే. ఎందుకో ఇంకాసేపట్లో మీ కళ్ల ముందే తేలుతుంది.

బండి చల్లారేదాకా మేస్త్రి చెయ్యి వెయ్యడు. టీ వచ్చింది, తాగారు. తర్వాత సిలిండర్ దగ్గర తుప్పు పట్టిన నట్ల మీద ఆయిల్ చుక్కలేసి మళ్లీ ఆగాడు. తొందరపడి పానా వేస్తే బోల్టు నట్టుతో సహా విరిగిపోతుంది, ఇక ఆ రోజంతా దానికే సరి. కాసేపటికి పానా పెట్టి కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మళ్లీ ముందుకు. కిర్రుమని కదిలింది. పాత సైలెన్సర్ కిందికి దిగింది. తోక దగ్గర బోల్టు తీసి కటింగ్ ప్లేయర్‌తో బాఫిల్ గొట్టం బయటికి లాగితే, నల్లగా, జిడ్డుగా, చిల్లులన్నీ పూడిపోయిన ఇనుప ముక్క. కాలని 2టీ ఆయిల్ ఏళ్ల తరబడి పేరుకుంటే ఇలాగే ఉంటుంది. పూర్వం ఏ ఊళ్లో చూసినా మెకానిక్ షాపు వెనకాల సైలెన్సర్లు కాల్చే మంట ఒకటి ఉండేది, గుర్తుందా? ఆ మంట ఈ మసి కోసమే.

ఇప్పుడు వంగి చూడండి. సైలెన్సర్ తీసేసిన చోట సిలిండర్‌కు ఒక కన్నం కనబడుతోంది. మేస్త్రి కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కుతాడు. కన్నంలో పిస్టన్ పైకి వెళ్తుంది, రింగులు మెరుస్తూ దాటిపోతాయి, మళ్లీ దిగుతుంది. గీతలున్నాయేమోనని టార్చి వేసి చూశాడు. లేవు. "మీ మామయ్య ఆయిల్ పోయించాడ్రా సరిగ్గా." అదొక్కటే ఇవాళ ఆయన నోట వచ్చే మెచ్చుకోలు.

ఆ కన్నానికి వాల్వు లేదు. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజను సిలిండర్ కన్నాలకు తలుపులు ఉండవు. పిస్టన్ పైకీ కిందికీ పోతూ తానే కన్నాలు మూసి తెరుస్తుంది. కాలిన పొగ పోవాల్సిన దారీ, కొత్త పెట్రోలు గాలీ వచ్చే దారీ ఒకే సమయంలో తెరుచుకుని ఉంటాయి. కొత్తది లోపలికొస్తూనే కొంత బయటికి జారిపోతుంది. ఈ నష్టాన్ని ఆపడానికి ఇంజనులో ఏ భాగమూ లేదు. ఆపేది బయటున్న గొట్టం.

అట్టపెట్టె విప్పారు. చాంబర్ అంటే ఇదీ: సన్నటి మెడ, అక్కణ్ణుంచి మెల్లగా వెడల్పయ్యే శంకువు, మధ్యలో పెద్ద పొట్ట, మళ్లీ చప్పున సన్నబడే శంకువు, చివర వేలు పట్టేంత తోక గొట్టం. రంగు లేదు, క్రోమ్ లేదు. రేకు కత్తిరించి, చుట్టి, ముక్కముక్కకూ ఆర్గాన్ వెల్డింగు పెట్టిన గీతలు వరసగా కనిపిస్తాయి. మేస్త్రి సుద్దముక్క తీసుకుని నేల మీద అదే ఆకారం గీశాడు. కుర్రాడికి చెప్తున్నాడు గానీ మీరూ వినండి.

"ఇక్కడ పేలింది. చప్పుడు ఇటు పోయింది. గొట్టం వెడల్పయిన చోట దాని నుంచి ఒక పీల్పు వెనక్కొస్తది, సిలిండర్లో మిగిలిన పొగని లాగేస్తది. లాగేటప్పుడు కొత్త పెట్రోలు కూడా కొంచెం బయటికొచ్చేస్తది చూడూ, ఇదిగో ఈ మెడలోకి. ఈలోపు చప్పుడు పోయి ఆ చివర గోడకి కొట్టుకుంటది. కొట్టుకుని తిరిగొచ్చి, బయటికొచ్చిన పెట్రోల్ని మళ్లీ లోపలికి తోసేస్తది. అప్పుడు పిస్టన్ తలుపేస్తది."

ఆయన లెక్క పుస్తకాల లెక్కతో సరిపోతుంది. 7,500 ఆర్‌పీఎం దగ్గర పొగదారి తెరుచుకుని ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగు, అంతే. వేడెక్కిన పొగలో చప్పుడు సెకనుకు ఐదొందల మీటర్ల చిల్లర పరుగెత్తుతుంది. ఆ వ్యవధిలో పోయి రావాలంటే గొట్టం పొడవు ఇంచుమించు మీటరుండాలి. తొమ్మిది వేల ఆర్‌పీఎంకు కట్టాలంటే 85 సెంటీమీటర్ల దగ్గర తెగ్గొయ్యాలి. ఈ మొత్తం యంత్రంలో కదిలే భాగం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఖాళీ, దాని కొలత.

దీన్ని లెక్కగట్టి పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు వాల్టర్ కాడెన్, తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు. యుద్ధకాలంలో హెన్షెల్ కంపెనీలో క్షిపణుల పని చేసిన మనిషి. డబ్బు లేని దేశంలో, పాత సామాన్ల మధ్య, గొట్టంలో తిరిగే అలల్ని ఆసిలోస్కోపు తెర మీద చూస్తూ 1961కల్లా 125 సీసీ ఇంజను నుంచి 25 హార్స్‌పవర్ పిండాడు. లీటరుకు రెండు వందలు. ఆ ఏడాది సెప్టెంబరులో స్వీడన్ గ్రాండ్ ప్రి దగ్గర ఆయన రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ పడమటి వైపుకు పారిపోయాడు. ఆ గొట్టం కిటుకు అతనితోపాటు సుజుకికి చేరింది. మరుసటి ఏడే, 1962లో, 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకి బండి మీద అతనిదే. ఆటోనగర్ నేల మీద సుద్దతో గీసిన బొమ్మకు ఇంత కథ ఉంది. మేస్త్రికి కాడెన్ పేరు తెలుసో తెలియదో నేను అడగలేదు, పని తెలుసు.

ఇక బిగింపు. కొత్త రాగి గ్యాస్కెట్టు రింగు కన్నంలో కూర్చుంది. చాంబర్ ఎత్తి పెట్టాక ముందు ఏ నట్టూ పూర్తిగా బిగించడు, అన్నీ వేళ్లతోనే తిప్పి వదిలేస్తాడు. గొట్టం తనంతట తాను సర్దుకోవాలి. తర్వాత సిలిండర్ వైపు బిగింపు, చివర్లో ఫ్రేము దగ్గర క్లాంపు. ఈ వరస తిరగేసి, క్లాంపు ముందు బిగించి మెడను బలవంతంగా లాగితే, వారం తిరక్కుండా వెల్డింగు పగులుతుంది. క్లాంపుకూ ఫ్రేముకూ మధ్య రబ్బరు బుష్షు. కిక్ రాడ్ పూర్తిగా దిగుతోందా, బ్రేకు పెడలు తగులుతోందా, స్టాండు వేస్తే పొట్టకు కొట్టుకుంటోందా అన్నీ చూశాడు. స్టాండు తగిలింది. చిన్న వాషరు వేశాక వేలు దూరేంత సందు వచ్చింది. ఆఖరున పెట్రోలు గుడ్డతో గొట్టమంతా తుడిచాడు. వేలిముద్ర ఉంటే మొదటి వేడికే మరకై అతుక్కుపోతుందట.

తోక చివర ఒక చిన్న డబ్బా ఉంది. లోపల చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్‌వూల్. కుర్రాడు దాన్ని చేతిలో పట్టుకుని నసుగుతున్నాడు.

"ఇది లేకపోతే సౌండ్ ఇంకా బాగుంటుంది కదా బాబాయ్?"

"పని చేసే సౌండు పొట్టలోనే అయిపోద్ది రా. తోకలోంచి వచ్చేది మిగులు. ఆ మిగులు ఊరంతా వినాలా?"

రోడ్ల మీద చెవులు చిల్లులు పొడుస్తూ తిరిగే బండ్లలో చాలావాటికి జరిగిందేమిటంటే, ఉన్న సైలెన్సర్లో బాఫిల్ పీకేశారు, అంతే. మోత పెరిగింది, కింది గేర్లలో లాగుడు తగ్గింది, నడిపేవాడికి మాత్రం బండి ఎగురుతున్నట్టే ఉంటుంది. చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 80 నుంచి 175 సీసీ దాకా బండ్లకు తయారీలో ఇచ్చిన హద్దు 77 డెసిబెల్స్. శబ్దం నియమాలు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫోటోలు పేపర్లో మీరూ చూసే ఉంటారు. మార్చిన సైలెన్సర్ ఏదైనా, డబ్బా ఉన్నా లేకున్నా, రోడ్డు మీద ఆపితే సమాధానం చెప్పుకోవాల్సిందే. మేస్త్రి ఆ సంగతి కుర్రాడికి మొహమాటం లేకుండానే చెప్పాడు. డబ్బా బిగించాడు.

కిక్. ఏం లేదు. రెండో కిక్‌కు అందుకుంది.

ముందు పొగ. కొత్త రేకు మీది నూనె కాలుతూ తెల్లగా, కళ్లు మండేలా. దాని వెనక కాలిన 2టీ ఆయిల్ వాసన. కొంతమందికి అది ముప్పై ఏళ్ల కిందటి కాలేజీ గేటు. తర్వాత చెవికి పని. పాత సైలెన్సర్ టింగ్ టింగ్ అనేది, ఇది కొంచెం పొడిగా, ఖణఖణమంటోంది. బుల్లెట్ వెయ్యి ఆర్‌పీఎం దగ్గర నిలబడి ఉంటే రెండు చుట్లకో పేలుడు కాబట్టి సెకనుకు ఎనిమిది దెబ్బలు. చెవి వాటిని విడివిడిగా పట్టుకుంటుంది, అందుకే ఆ డుగుడుగు. ఆర్ఎక్స్‌లో చుట్టుకో పేలుడు. 7,500 దగ్గర సెకనుకు 125. అన్నిటిని చెవి లెక్కపెట్టలేక ఒక్క స్వరంగా కలిపేసుకుంటుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జమం సెకనుకు 130 కంపనాల దగ్గరుంటుంది, అంటే ఆర్ఎక్స్ గట్టిగా లాగేటప్పుడు ఇంచుమించు ఆ చోటికే వస్తుందన్నమాట. మెడ దగ్గర రేకు చూడండి: ముందు గడ్డి రంగు, తర్వాత ఊదా, దాని పక్కనే నీలం. ఎంత వేడెక్కిందో ఇనుమే చెబుతోంది.

మేస్త్రి హ్యాండిల్ పట్టుకున్నాడు, మీరు వెనక ఎక్కండి. కానూరు దాటేదాకా ఏమీ లేదు. ఆటోల మధ్య బండి గునుస్తోంది, పాతదానికంటే నీరసంగా ఉంది. చాంబర్ బిగిస్తే కింది స్పీడులో పోయేది ఇదే, అమ్మేవాళ్లు చెప్పరు. పెనమలూరు దాటి, కంకిపాడు కూడా దాటాక రోడ్డు ఖాళీ అయింది. మూడో గేరు. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పాడు. గొణుగుడు, గొణుగుడు, ఇంకా గొణుగుడే. ఉన్నట్టుండి గొంతు విచ్చుకుంది. ఉయ్యాల తిరిగొచ్చిన క్షణానికి చెయ్యి పడితే ఎలా లేస్తుందో, పోయిన అల సరిగ్గా పిస్టన్ తలుపు మూసే ముందు వచ్చి తగులుతోంది. మీరు వెనక్కి పడబోయి ఆయన భుజం పట్టుకున్నారు. ఆర్ఎక్స్‌కు టాకోమీటరు ఉండదు; ఏ ఆర్‌పీఎంలో అందుకుందో ఆయన విని చెప్పాల్సిందే.

నాలుగో గేరులో అదే ఊపు మీద ఉండగా క్లచ్ పట్టి తాళం కట్టేశాడు. బండి చప్పుడు లేకుండా దొర్లుకుంటూ పోయి చింతచెట్టు కింద ఆగింది. వేడి ప్లగ్గు గుడ్డతో విప్పి ఎండకు పట్టుకున్నాడు. తెల్లగా ఉంది.

తెలుపంటే పెట్రోలు చాలడం లేదు. గొట్టం కొత్తది, గాలి ఎక్కువ ఈడుస్తోంది, కార్బురేటర్లో మెయిన్ జెట్ మాత్రం పాతది. ఇలాగే హైవే మీద పావుగంట తిప్పితే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్ను పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. కొన్నవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గొట్టానికి డబ్బు పెట్టి, పిడికిట్లో ఇమిడే ఇత్తడి జెట్‌కు పెట్టరు.

షెడ్డుకు తిరిగొచ్చాక కార్బురేటర్ గిన్నె విప్పి ఒక సైజు పెద్ద జెట్ వేశాడు. మళ్లీ కంకిపాడు, మళ్లీ చింతచెట్టు. ఈసారి కాస్త నయం, మధ్యలో ఇంకా పాలిపోయి ఉంది. ఇంకో సైజు. మూడోసారి ప్లగ్గు పింగాణీ బాగా మరిగిన టీ రంగులో వచ్చింది. కుర్రాడు దాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

డబ్బులు లెక్కపెట్టుకుంటూ మేస్త్రి చెప్పాల్సినవి చెప్పాడు. పాత సైలెన్సర్ కాల్చి, శుభ్రం చేసి, గోనెసంచిలో చుట్టి దాచుకోమన్నాడు. పదిహేనేళ్లు దాటిన బండి ఆర్సీ రెన్యువల్‌కు ఆఫీసులో చూపించాలంటే అదే కావాలి. రెండొందల కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించడానికి రమ్మన్నాడు. గ్లాస్‌వూల్ ఆయిల్ పీల్చి తడిసిపోతే మార్చాలన్నాడు. కుర్రాడు అన్నిటికీ తలూపి, బండెక్కి, తోక వైపు ఒకసారి చూసి అడిగాడు.

"ఆ డబ్బా ఇంటికెళ్లాక తీసి చూడొచ్చా బాబాయ్, ఊరికే ఒక రోజు?"

"తియ్యి. జెట్ ఆ డబ్బా ఉన్న లెక్కకి వేశా. తీస్తే ప్లగ్గు మళ్లీ తెల్లబడుద్ది. కొత్త పిస్టన్‌కి, సిలిండర్ బోరుకి డబ్బులు పక్కన పెట్టుకుని తియ్యి."