లేని సీమకు ఉన్న చరిత్ర

బర్మింగ్‌హామ్ దక్షిణ శివార్లలో కోల్ అనే చిన్న ఏటి వెంబడి షైర్ కంట్రీ పార్క్ అని ఒకటుంది. ఇంగ్లండులో షైర్ అంటే జిల్లాలాంటిది. వార్విక్‌షైర్, యార్క్‌షైర్ అన్నట్టు ముందొక పేరు ఉండాలి. ఈ షైర్‌కు ముందు ఏ పేరూ లేదు. ఇది జె.ఆర్.ఆర్. టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కోసం కల్పించిన సీమ, హాబిట్లనే పొట్టి మనుషులది. ఆయన 1896 నుంచి 1900 దాకా ఈ ఏటి పక్కనే సేర్‌హోల్ పల్లెలో పెరిగాడు. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులంటూ పర్ణశాలలో రాళ్లు చూపించుకునే మనకు, కథ పేరు నేలకు పెట్టడం వింత కాదు. అంతా కల్పనేనని తెలిసి కూడా ఇంగ్లిషువాళ్లు ఆ సీమను సొంతూరిలా తలుచుకోవడమే వింత. దానికి కారణం షైర్ పచ్చదనం కాదు, షైర్‌కు టోల్కీన్ రాసిన చరిత్ర. ఇంగ్లండు తన పుట్టుక ఎలా ఉండి ఉంటే బాగుండేదనుకుంటుందో, అలాంటి చరిత్ర అది.

షైర్ పడమటి నుంచి తూర్పుకు 40 లీగులు, ఉత్తరం నుంచి దక్షిణానికి 50. అంటే సుమారు 120 మైళ్లు, 150 మైళ్లు. దాన్ని నాలుగు ఫార్దింగులుగా పంచారు. ఫార్దింగ్ అంటే నాలుగో వంతు. అణాలో మన కాణీ ఎలాగో, పెన్నీలో ఫార్దింగ్ అలాగ. తూర్పున బ్రాండీవైన్ నది, దాని మీద పాత రాజుల నాటి రాతి వంతెన. మార్కో, బ్లాంకో అనే హాబిట్ అన్నదమ్ములు బ్రీ అనే ఊరి నుంచి జనంతో ఆ వంతెన దాటి వచ్చారు. రాజు నేల ఇచ్చి మూడే అడిగాడు: వంతెనలూ దారులూ బాగుచేస్తుండాలి, రాజదూతలకు సాయపడాలి, తన ఏలుబడి ఒప్పుకోవాలి. దశబంధం తెలిసిన రాయలసీమవాళ్లకు ఈ బేరం కొత్తగా అనిపించదు. చెరువు కట్టించి కాపాడినవాళ్లకు మాన్యం దక్కేది. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెప్పి, రోజుకు 1000 మంది కూలీలు రెండేళ్లు పనిచేశారని కూడా లెక్క చెబుతుంది. మన శాసనంలో కూలీలున్నారు. షైర్ కథలో ఒకప్పటి రాజుగారి పొలాలున్నాయి, ద్రాక్షతోటలున్నాయి. వాటిని దున్నినవాళ్లు మాత్రం లేరు. హాబిట్లు వచ్చేసరికే ఎన్నాళ్లుగానో విడిచిపెట్టిన నేల అని ఒక్క మాటతో దాటేస్తాడు టోల్కీన్.

నా అనుమానమంతా ఆ ఒక్క మాట మీదే. ఇంగ్లండుకూ ఇద్దరు అన్నదమ్ముల కథ ఉంది. హెంగిస్ట్, హోర్సాలను ఐదో శతాబ్దంలో బ్రిటన్ రాజు కిరాయి సైనికులుగా పిలిస్తే, వాళ్లు పిలిచినవాడి మీదే తిరగబడి నేల ఆక్రమించారని ఐతిహ్యం. ఆ రెండు పేర్లకూ గుర్రం అనే అర్థం; మార్కో, బ్లాంకోల పేర్లలో దాగినవీ గుర్రాలే. ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు మూడు తెగలైతే హాబిట్లవీ మూడు తెగలు. రాసినవాడు ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-శాక్సన్ ప్రొఫెసర్. ఇది కాకతాళీయం అనుకోలేం. తేడా ఒక్కటే. షైర్ పుట్టుక కథలో ద్రోహం లేదు, నెత్తురు లేదు. ఖాళీ నేల. పరాయి పాలన చూసిన దేశం నుంచి వచ్చినవాళ్లకు ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు.

కథకు రూపకార్థాలు అంటగట్టవద్దని టోల్కీనే అన్నాడు కదా అనొచ్చు. రెండో కూర్పు ముందుమాటలో ఆ మాట గట్టిగానే అన్నాడు. తనకు పదేళ్లు రాకముందే చిన్ననాటి సీమ పాడైపోవడం చూశానని కూడా అక్కడే చెప్పుకున్నాడు. షైరే ఇంగ్లండు అనడం లేదు. చరిత్రలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎంచుకున్నది మాత్రం ఆయనే. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: హాబిట్ల మరపును ఎండగట్టిందీ ఆయనే. రాజ్యం కూలాక సుమారు వెయ్యేళ్లు సరిహద్దు కాచిన రేంజర్లను హాబిట్లు ఎన్నడూ గుర్తించలేదు. ఆఖరికి దౌర్జన్యపు మూక సీమలోకి చొరబడింది, చెట్లు కూలాయి, పాత మిల్లు స్థానంలో పొగ కక్కే మిల్లు లేచింది. బైవాటర్ పోరులో 19 మంది హాబిట్లు ప్రాణాలిస్తే గాని సీమ తిరిగి చేతికి రాలేదు. నిజమే, కాపలా బాకీని ఆయన పద్దులో రాశాడు. నేల బాకీనే రాయలేదు.

అయినా భాషావేత్త కదా, పూర్తిగా దాచలేకపోయాడు. బ్రీ అంటే ఆంగ్లో-శాక్సన్లకు ముందు ఈ దీవిలో వినిపించిన కెల్టిక్ భాషలో కొండ. హాబిట్లు బయల్దేరిన ఊరికి ఆ పాత పేరు కావాలనే పెట్టాడు. వార్విక్‌షైర్ మీదుగా పారే ఏవన్ కూడా అలాంటి పేరే, వెల్ష్‌లో దానర్థం ఏరు. ఏరు ఇక్కడే ఉంది, ఆ మాట పుట్టిన భాష పడమటి కొండలకు జరిగిపోయింది. మన దగ్గరా పేరు చివర కుంట ఉండి, కుంట కనిపించని ఊళ్లున్నాయి. నీళ్లెక్కడ నిలిచేవో అక్కడ ముసలివాళ్లను అడిగితే చూపిస్తారు. షైర్‌లో అలా అడగడానికి ఒక్క ముసలివాణ్ణీ మిగల్చలేదు టోల్కీన్.