పెండ్లి పందిట నిలిచిన మినుయెట్

ఉద్యోగ విరమణానంతరము మాకు దక్కిన భాగ్యములలో తీరికగా సంగీతము వినగలుగుట యొకటి. ఇటీవల మా మనుమడు ఫిన్లాండు దేశమున జరిగిన కచేరి నొకదానిని తన ఫోనులో మాకు వినిపించెను. చిన్న హాలు, అయిదారుగురు వాద్యకులు, ఆర్భాటమేమియు లేదు. దీనిని పాశ్చాత్యులు ఛాంబర్ కచేరి యందురు. నవరాత్రులలో మన పెద్దలు ఇంటి హాలులో చాపలు పరచి చేయించెడి పాటకచేరి వంటిదని పాఠకులు గ్రహింపవచ్చును. అందు బరోక్ కృతి యొకటి, వెంటనే ఫిన్లాండు పల్లె వరుస యొకటి వాయించిరి. మొదటిది ఎచట ముగిసెనో, రెండవది ఎచట ఆరంభమయ్యెనో మాకు తెలియలేదు. "రెండింటిని కలిపినారు, తాతగారూ" అని మనుమడు చెప్పెను. ఆ మాట మనసున నాటుకొనగా కొన్ని నెలలు ఈ విషయమును గూర్చి చదివితిమి. కలిపినారనుటకంటె, విడిపోయిన చుట్టములు మరల కలిసికొనిరనుట న్యాయమని మాకు తోచెను.

బరోక్ అనునది ఐరోపాలో సుమారు 1600 మొదలు 1750 వరకు రాజాస్థానములలోను, చర్చీలలోను వర్ధిల్లిన సంగీత పద్ధతి. దానికి తలమానికమైన బాఖ్ 1750లో గతించెను. పిమ్మట 17 ఏండ్లకు త్యాగరాజస్వామి జన్మించిరని చెప్పినచో కాలము మనకు సులువుగా గుర్తుండును. ఆనాడు ఫిన్లాండు స్వీడను రాజ్యములో భాగము. 1809లో రష్యా చక్రవర్తి ఏలుబడిలోనికి పోయి, 1917 డిసెంబరు 6న స్వతంత్రమయ్యెను. సొంత రాజాస్థానము లేని ఆ దేశమునకు సొంతమైనది పల్లె సంగీతము. ఒకే కొయ్యను తొలిచి అయిదు తంత్రులు బిగించిన కాంతెలె, గుఱ్ఱపు వెండ్రుకలే తంత్రులుగా గల యోహిక్కో, అయిదు స్వరముల పరిధిలో తిరుగాడెడి ప్రాచీన గాథలు వారి ఆస్తి. ఎలియాస్ లోన్‌రోట్ అను వైద్యుడు ఆ గాథలను గాయకుల నోట విని సేకరించి 1835లో కలేవల యను కావ్యముగా కూర్చెను. 1849లో దానిని 50 సర్గలకు పెంచెను.

పదునేడవ శతాబ్దిలో ఈ పల్లెలకు ఫిడేలు వచ్చెను. దాని వెంట నాట్యములును వచ్చెను. పోలండు దేశపు నృత్యము స్వీడను మీదుగా వచ్చి, మూడు మాత్రల తాళమున పోల్స్కా యను పేర స్థిరపడెను. ఫ్రాన్సు ప్రభువైన పదునాలుగవ లూయీ ఆస్థానమున ప్రభవించిన మినుయెట్ అను నెమ్మదియైన నాట్యము జమీందారుల భవనముల నుండి రైతుల యిండ్లకు దిగెను. ఇచ్చిపుచ్చుకొనుట ఒక వైపుననే జరుగలేదు. జర్మను విద్వాంసుడైన టెలిమన్ 1705లో పోలండు సరిహద్దున ఒక ప్రభువు కొలువులో చేరి, అచటి పల్లె వాద్యకులను విని మురిసి, ఆ వరుసలను తన కృతులలో చొప్పించెను. బాఖ్ 1720లో స్వహస్తమున వ్రాసిన ఒంటి వయొలిన్ కృతులలో మూడవ పార్తితాయందు రెండు మినుయెట్లు కలవు. పల్లెకును ఆస్థానమునకును నడుమ గోడ ఆ కాలమున అంత ఎత్తైనది కాదు.

పిదప ఆస్థానములు మారెను. ఐరోపా నాట్యశాలలలో వాల్ట్జ్ ప్రవేశించి మినుయెట్‌ను వెడలగొట్టెను. మినుయెట్ కాగితముపై మిగిలెను, పాదములలో నశించెను. అయితే ఫిన్లాండు పడమటి తీరమైన ఓస్ట్రోబొత్నియాలో, స్వీడిష్ భాష మాటలాడు పల్లెలలో మాత్రము అది ఇరువదవ శతాబ్ది వరకు పెండ్లి నాట్యముగా నిలిచెను. ముందు మినుయెట్, వెంట పోల్స్కా — ఇది వారి క్రమము. ఈ స్వీడిష్ వారు నేడు ఆ దేశ జనాభాలో సుమారు నూటికి అయిదుగురు. తరతరములుగా అచటనే స్థిరపడిన అల్పసంఖ్యాకులు. 1919 నాటి రాజ్యాంగము వారి భాషను ఫిన్నిష్‌తో పాటు జాతీయ భాషగా అంగీకరించెను.

రాజధానులలో పోయినది పల్లెలలో ఎట్లు నిలిచెను? చరిత్రపై మక్కువచే కాదు. ఫిడేలు పాపమునకు దారియని బోధించిన మతోద్ధారకులు కూడ ఆ ప్రాంతమున ఉండిరి. అయినను పెండ్లికి మినుయెట్ కావలెను. వధువు లేచి నాట్యమాడవలెను. కనుక వాయించువాడు కావలెను. కనుక వాని కొడుకో, పొరుగువాడో నేర్వవలెను. పెండ్లి యున్నంత కాలము నాట్యముండెను. ఫిన్నిష్ మాటలాడు గ్రామములందును ఇట్లే. ఇల్మయోకి వాసియైన సామ్యూల్ రింతా-నిక్కొల యను ఫిడేలు వాద్యకుని 1809 నాటి నోటుపుస్తకములో పల్లె వరుసల సరసనే మినుయెట్లు చోటు చేసికొన్నవి.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున రెండు కదలికలు కలిగెను. కౌస్తినెన్ అను చిన్న యూరిలో 1968లో జానపద సంగీతోత్సవము మొదలయ్యెను. 1983లో హెల్సింకీలోని సిబేలియస్ అకాడమీ జానపద సంగీతమునకు ప్రత్యేక శాఖను నెలకొల్పెను. 2021లో కౌస్తినెన్ ఫిడేలు వాదనమును యునెస్కో వారు మానవజాతి వారసత్వ సంపదగా గుర్తించిరి. మరియొక వైపున బరోక్ వాద్యకులు ఉక్కు తీగలు విడిచి పాతకాలపు నరముల తంత్రులు బిగించి, నాటి కమాను పట్టి, పూర్వులు ఎట్లు వాయించిరో శోధింపసాగిరి. వారి యొద్ద స్వరము వ్రాసిన కాగితమున్నది, నడక లేదు. పల్లెవాని యొద్ద నడక యున్నది. కచేరీలో పనిచేసిన మాకు ఈ ఇబ్బంది తెలిసినదే. దస్త్రములో అంతయు నుండును. దానిని నడిపిన పాత గుమాస్తా పోయిన పిమ్మట పని మాత్రము సాగదు.

కావున వారిరువురును ఒక గదిలో కూర్చుండిరి. కౌస్తినెన్ పుత్రికయైన క్రేతా-మరియా కెంటాలా యను విదుషీమణి బాఖ్ కృతులను తన యూరి వరుసల సరసన వాయించి రికార్డు చేసెను. మేము వినిన కచేరిలో హార్ప్సికార్డ్ పలుకును కాంతెలె పలుకును అక్కచెల్లెండ్ర గొంతుల వలె నుండెను. రెండును మీటెడి తంత్రులే కదా. ఫిడేలుపై ఒక తంత్రి శ్రుతిగా మ్రోగుచుండగా, రెండవ మారు వచ్చిన వరుసను వాద్యకుడు తన యిచ్చ కొలది అలంకరించెను. మన సంగతుల వంటిదే ఈ పద్ధతి.

మనకును ఇది క్రొత్త కథ కాదు. బాలుస్వామి దీక్షితులు మదరాసులో ఐరోపా వాద్యకుని వద్ద వయొలిన్ నేర్చి మన సంగీతమునకు తెచ్చిరి. వారి యన్నగారు ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించిరి. తంజావూరు మండలమందలి మేలట్టూరులో వెంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములు తమిళదేశపు నడిబొడ్డున ఏటేట నృసింహ జయంతికి ఆడబడుచున్నవి. ఆ తిథి యున్నది గనుక ఆ నాటకమున్నది.

మా కుటుంబము మధురలో స్థిరపడి నాలుగు తరములైనది. మా గృహిణి బ్రతికియుండగా ఆమె పాడెడి నలుగు పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు ఒక నోటుపుస్తకమున మేమే వ్రాసిపెట్టితిమి. మొత్తము 41 పాటలు. భద్రపరచితిమని గర్వించితిమి. ఆమె పోయిన పిదప పెద్ద మనుమరాలి పెండ్లికి ఆ పుస్తకము తెరచిరి. ఒక్కరికిని వరుస రాదు. నలుగు వేళ ఫోనులో ఎవరిదో సినిమాపాట మ్రోగెను. మేము వ్రాసినది మాటలే యని ఆనాడు తెలిసినది.

ఆమె చెల్లెలు హోసూరులో ఉన్నది, వయస్సు 78, గొంతు ఇంకను గట్టిగానే యున్నది. రాబోవు మాఘమున చిన్న మనుమరాలి పెండ్లి. పదిహేను దినములు ముందుగా వచ్చి పిల్లలకు నేర్పవలెనని ఆమెకు జాబు వ్రాసితిమి. తప్పక వత్తుననియు, నేర్చువారు ముందుగా సిద్ధముగా నుండవలెననియు ఆమె ప్రత్యుత్తరమిచ్చినది. ఇద్దరు పిల్లలు సరేయన్నారు. ఫిన్లాండు కచేరి వినిపించిన మనుమడు వారిలో నొకడు.