తేనెటీగల మేధ

తేనెటీగ మెదడు నువ్వుగింజంత. అందులోని నాడీకణాలు దాదాపు 10 లక్షలు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్లు. అంత చిన్న మెదడుతోనే తేనెటీగ దారి గుర్తుంచుకుంటుంది, రంగులూ వాసనలూ పోల్చుకుంటుంది, తోటి ఈగ దగ్గర పని నేర్చుకుంటుంది. పురుగుల నడవడి అంతా పుట్టుకతో వచ్చేదేనన్న పాత నమ్మకాన్ని ఈ శతాబ్దపు ప్రయోగాలు గట్టిగా కుదిపాయి.

నాట్యం

పూల జాడ కనిపెట్టి వచ్చిన ఈగ చీకటి పట్టు మీద పొట్ట అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ఆ నడక నిలువు గీతకు ఎంత ఏటవాలుగా ఉంటే, పూలు సూర్యుడి దిక్కు నుంచి అంత పక్కకు ఉన్నట్టు. ఊపు ఎంతసేపు సాగితే అంత దూరం. ఈ సంకేతాన్ని విప్పిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ నాట్యంలో పెద్దల శిక్షణా ఉందని 2023లో తేలింది. అనుభవమున్న ఈగలు ఒక్కటీ లేకుండా, పిల్ల ఈగలతోనే పట్టు పెట్టించి చూస్తే వాటి తొలి నాట్యాలు గజిబిజిగా సాగాయి. రోజులు గడిచేకొద్దీ దిక్కు చెప్పడం మెరుగుపడింది. దూరం చెప్పడంలో తప్పు మాత్రం బతికినన్నాళ్లూ పోలేదు.

ఆట, అనుకరణ

తేనెటీగలకు దగ్గరి చుట్టాలైన బంబుల్‌బీలు బొద్దుగా, ఒంటినిండా నూగుతో ఉంటాయి. భారతదేశంలో ఇవి ప్రధానంగా హిమాలయాల్లో కనిపిస్తాయి. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో లార్స్ చిట్కా బృందం వీటికి చిన్న బంతిని నడిమధ్య గుర్తు దాకా చేరిస్తే తీపినీళ్లు దొరికేలా ఏర్పాటు చేసింది. శిక్షణ పొందిన ఈగ అక్కడున్న బంతుల్లో అన్నిటికంటే దూరాన ఉన్నదాన్ని లాక్కొచ్చింది. అది చూసిన ఈగలు మాత్రం దగ్గర్లోని బంతినే ఎంచుకున్నాయి. చూసింది చూసినట్టు చేయకుండా, పని సులువు చేసుకున్నాయి. 2017 నాటి ముచ్చట ఇది.

2022లో అదే బృందం ఏ బహుమతీ లేకుండా బంతులు వదిలింది. మేతకు దారి తెరిచే ఉన్నా, ఈగలు పక్కకు మళ్లి వాటిని దొర్లించాయి. వయసులో చిన్నవి మరీ ఎక్కువగా ఆడాయి.

2024లో వీటికి రెండు అంచెల పెట్టె ఇచ్చారు. ముందు నీలం మీట, తర్వాత ఎర్ర మీట తోస్తేనే తీపి అందుతుంది. రోజుల తరబడి వదిలేసినా ఏ ఈగా సొంతంగా కిటుకు కనిపెట్టలేదు. నేర్చిన ఈగతో కలిపి ఉంచిన 15 ఈగల్లో 5 మాత్రం పట్టేశాయి.

పొలంలో

కీటకాలకూ అనుభూతి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయరాదని 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు ప్రకటించారు. ఈ మాట పొలం దాకా వస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు కొద్ది మోతాదులోనైనా తేనెటీగల జ్ఞాపకశక్తిని, నేర్చుకునే శక్తిని దెబ్బతీస్తాయి. యూరోపియన్ యూనియన్ 2018లో ఈ కోవలోని మూడు మందులను ఆరుబయట పొలాల్లో వాడరాదంది. తెలుగు నేల మీద పత్తి చేలల్లో రసం పీల్చే పురుగులకు రైతులు కొట్టే మందుల్లో ఇమిడాక్లోప్రిడ్ ఇప్పటికీ ఒకటి.