గుర్రం ఛాతీ పరీక్ష: చెవి నుంచి తెర వరకు

ఉద్దేశం: ఈ పాఠం చదివిన తరువాత గుర్రం ఛాతీని పరీక్షించే పద్ధతులు ఏ క్రమంలో వచ్చాయో, ఒక్కొక్క దాని పరిమితి ఏమిటో మీరు వివరించగలుగుతారు.

1. పరిచయం

పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఒకటి కోరుట్లలో ఉంది. అయితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో పశువైద్యుని ముందుకు ఎక్కువగా వచ్చేవి గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలు. గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో తప్ప చూడనివారు మీలో ఉండవచ్చు. మరి గుర్రం గురించి ఎందుకు చదవాలి? సైన్యం, రవాణా గుర్రం మీద ఆధారపడిన కాలంలోనే ఆధునిక పశువైద్యం రూపుదిద్దుకొంది. 1762లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తొలి పశువైద్య పాఠశాలను ప్రారంభించిన క్లాడ్ బూర్జెలా స్వయంగా గుర్రపు స్వారీ శిక్షకుడు.

2. చేయి, చెవి

1761లో వియన్నా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ రోగి ఛాతీని వేళ్లతో తట్టి వ్యాధిని గుర్తించే పద్ధతిని ప్రకటించాడు. గాలి ఉన్నచోట మోగే శబ్దం, నీరు చేరినచోట మొద్దు శబ్దం వస్తాయి. 1816లో పారిస్‌లో లెన్నెక్ స్టెతస్కోపును కనుగొన్నాడు. ఈ రెండు పద్ధతులూ పశువైద్యంలోకి వచ్చాయి. కాని విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రం నెమ్మదిగా ఊపిరి తీస్తుంది, ఛాతీ గోడ కూడా మందం. అందువల్ల శబ్దం సరిగా వినిపించదు. నేటికీ దాని ముక్కుకు కొద్దిసేపు పెద్ద ప్లాస్టిక్ సంచి పట్టి, లోతుగా ఊపిరి తీసేలా చేసి వింటారు.

3. ఎక్స్‌రే

1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. మరుసటి ఏడాదే లండన్‌లో హాబ్‌డే, బెర్లిన్‌లో ఎబెర్లైన్ గుర్రం కాలి చిత్రాలు తీశారు. కాలు సన్ననిది, కదలకుండా పట్టుకోవచ్చు. ఛాతీ సంగతి వేరు. పెద్ద గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. దాని ఛాతీని దాటడానికి శక్తిమంతమైన యంత్రం కావాలి, ఊపిరి కదలికకు చిత్రం మసకబారకూడదు. 1970లలో వచ్చిన రేర్ ఎర్త్ తెరల వల్ల తక్కువ సమయంలో చిత్రం తీయడం సాధ్యమైంది. అయినా పెద్ద గుర్రానికి ఒక్క ఫిల్ము చాలదు. ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా మూడు నాలుగు తీయాలి. పిల్ల గుర్రం ఛాతీ చిన్నది కాబట్టి చాలాసార్లు చేతితో మోసే యంత్రమే సరిపోతుంది.

4. అల్ట్రాసౌండ్

1980ల ప్రారంభం నుంచి గుర్రం ఛాతీకి అల్ట్రాసౌండ్ వాడుక పెరిగింది. పక్కటెముకల మధ్య పరికరం ఆనించి చూస్తారు. గాలి ఈ శబ్ద తరంగాలను వెనక్కి తిప్పి పంపుతుంది. అందువల్ల ఊపిరితిత్తి పైభాగం, ఛాతీలో చేరిన నీరు, పైపొరను తాకిన చీముగడ్డ కనిపిస్తాయి. మంచి ఊపిరితిత్తి లోపల దాగిన గడ్డ కనిపించదు. దానికి మళ్లీ ఎక్స్‌రేయే దిక్కు. ఒక యంత్రం చూడలేనిది మరొకటి చూస్తుంది.

5. చిత్రం, నిర్ణయం

1923లో స్వీడన్‌లో మాగ్నుసన్ పిల్ల గుర్రాల నిమోనియాకు కారణమైన సూక్ష్మజీవిని వర్ణించాడు. నేడు దాన్ని రోడోకాకస్ ఈక్వి అంటారు. లోపల చీముగడ్డలు పెరుగుతున్నా పిల్ల చాలాకాలం హుషారుగానే కనిపిస్తుంది. అందుకే విదేశాల్లో గుర్రాల పెంపక క్షేత్రాలు దగ్గు మొదలు కాకముందే అల్ట్రాసౌండ్‌తో పిల్లలన్నిటినీ పరీక్షించడం మొదలుపెట్టాయి. దీనివల్ల ప్రాణాలు నిలిచాయి. కాని కనిపించిన ప్రతి చిన్న గడ్డకూ యాంటీబయాటిక్ ఇవ్వడంతో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయి. చిన్న గడ్డలు చాలావరకు మందు లేకుండానే మానిపోతాయని తరువాత తేలింది. చిత్రం ఉన్నదాన్ని చూపుతుంది, ఏం చేయాలో చెప్పదు. ఆ బాధ్యత వైద్యునిదే.

ఈ పాఠం మన గేదెలకూ వర్తిస్తుంది. మేతతో ఇనుప తీగ మింగిన గేదెకు ఆ తీగ గుండె పొరకు గుచ్చుకొంటే, తీగను ఎక్స్‌రే, గుండె చుట్టూ చేరిన నీటిని అల్ట్రాసౌండ్ చూపుతాయి. అనుమానం మాత్రం చేయి, చెవి, కన్ను వల్లే ముందుగా కలుగుతుంది.

6. సారాంశం

కొత్త పద్ధతి పాతదాన్ని తొలగించలేదు, దాని లోటును పూరించింది. యంత్రం దూరంగా ఉన్న పల్లెలో మొదటి పరీక్ష నేటికీ తట్టి, విని చేసేదే.

స్వయం సమీక్ష

1. పెద్ద గుర్రం ఛాతీ ఎక్స్‌రే ఎందుకు కష్టం?
2. అల్ట్రాసౌండ్‌కు గాలి ఎలా అడ్డు అవుతుంది?
3. పిల్ల గుర్రాల ముందస్తు పరీక్ష వల్ల కలిగిన మేలు, కీడు చర్చించండి.